ఊఁ కొట్టిన బిలం

భవానీప్రసాద్ గారు మా ఇంటికొచ్చిన రోజు మా ఆవిడ పుల్లమ్మ వాకిట్లో కందులు విసురుతోంది. ఎనభైమూడో సంవత్సరం, శివరాత్రి వెళ్ళిన వారం. ఆయన నందిగామ కాలేజీలో లెక్చరరు. రాళ్ళ చదువు చెప్తాడు. ముప్పై ఏళ్ళు కూడా ఉండవు. జగ్గయ్యపేటలో బస్సు దిగి, అద్దె సైకిలు తొక్కుకుంటూ వచ్చాడు. సైకిలు గోడకి ఆనించి, "ఇశ్రాయేలు గారి ఇల్లు ఇదేనాండి?" అన్నాడు.

పుల్లమ్మ తిరగలి ఆపింది. "గారు ఎవరూ లేరు బాబూ. ఇశ్రాయేలైతే ఉన్నాడు, ఆ మంచం మీద."

ఆయన నవ్వి నా పక్కన కూర్చున్నాడు. నూతుల్లో చెడుగాలి సంగతి ఈ చుట్టుపక్కల నాకు తెలిసినంత ఎవరికీ తెలీదని నేను పనిచేసే క్వారీలో చెప్పారట. మా ఊరి కొండ మీద బిలం ఉంది. సీతాఫలం పొదల మధ్య రెండు బండ్లు పట్టేంత నోరు. అందులో దిగినవాడు కాశీలో తేలతాడని మా ముసలోళ్ళు చెప్పేవాళ్ళు. మేకలు పడ్డాయి గానీ మనిషి దిగలేదు. కాశీ నుంచి ఏ మేకా ఉత్తరం రాయలేదు.

భవానీప్రసాద్ గారు సంచిలోంచి ఒక రంగుల పుస్తకం తీసి నా ఒళ్ళో పెట్టాడు. నిండా మంచుకొండలు. కొండ కడుపులో చీకటి, ఆ చీకట్లో తాడుకి వేలాడుతూ మనుషులు.

"ఇది ఆస్ట్రియా దేశమండి. ఈ గుహలు కొన్ని మూడువేల అడుగుల లోతు. మన హిమాలయాల్లో కూడా సున్నపురాయి ఉంది, ఇలాంటి గుహలు ఉండే ఉంటాయి. నేను, ఇంకో నలుగురు లెక్చరర్లు వచ్చే వేసవికి వెళ్ళాలని ప్లాను వేస్తున్నాం. మాకు పుస్తకాలు తెలుసు గానీ తాడు తెలీదు, గాలి తెలీదు. ముందు మీ కొండలో దిగి నేర్చుకోవాలి. మీరు నేర్పాలి. మొదట మీరే దిగాలి."

"ఊఁ," అన్నా.

"ఊఁ అంటే సరే అనాండి?"

"ఊఁ అంటే విన్నాడని," అంది పుల్లమ్మ. "సరే అనడానికి ఇంకో రెండ్రోజులు పడుద్ది. అయినా దిగడులే బాబూ. నూతుల పని మానేసి తొమ్మిదేళ్ళయింది."

అంది, మళ్ళీ విసరడం మొదలుపెట్టింది. ఆ విసురులో కందులు పిండైపోతున్నాయి.

*

నూతులు తవ్వేవాళ్ళకి ఒక పద్ధతి ఉంది. అడుగున గాలి చెడితే మనిషికి తెలీదు. ముందు మత్తుగా ఉంటుంది, తర్వాత ఏమీ ఉండదు. అందుకని పైన గట్టు మీద ఒక మనిషి కథ చెప్తూ ఉండాలి. కింద తవ్వేవాడు ఊఁ కొడుతూ ఉండాలి. ఊఁ ఆగిందా, తాడు లాగెయ్యాలి. అడగడాలు, తొంగిచూడ్డాలు ఏం లేవు.

నాకు గట్టు మీద మనిషి పుల్లమ్మ. పెళ్ళయిన ఏడాది నుంచీ అంతే. ఒక చేత్తో తాడు పట్టుకుని, మట్టి తట్టలు లాగేవాళ్ళకి చోటిచ్చి, గట్టు అంచున నిలబడి కథ చెప్పేది. ఎక్కడా విన్న కథలు కావు. సొంతంగా అల్లేది. నేను పది మాటలు మాట్లాడే మనిషిని కాదు. ఊఁ అనడం వచ్చు. ఆ కొలువుకి అది చాలు. మా ఇద్దరికీ అలా కుదిరింది.

డెబ్భైనాలుగులో నందిగామ అవతల ఒక రైతు చేలో నుయ్యి తవ్వుతున్నాం. ఏడు నిలువుల లోతుకి పోయాం. నిలువంటే ఒక మనిషి ఎత్తు. ఆ రోజు పుల్లమ్మ ఉప్పు అమ్ముకునే అతని కథ చెప్తోంది. ఎద్దు మీద ఉప్పు బస్తాలేసుకుని ఊళ్ళు తిరుగుతాడు. పెళ్ళానికి చూపు లేదు. సాయంత్రం ఇంటికొచ్చేటప్పుడు సందు మొదట్లో దగ్గుతాడు. ఆ దగ్గు విని ఆవిడ కంచం పెట్టి అన్నం వడ్డిస్తుంది. ఒకరోజు అతను దారిలోనే పోయాడు. ఎద్దు ఒక్కటే ఇంటి దారి పట్టింది. రోజూ అలవాటైన చోట, సందు మొదట్లో, ఎద్దు ఆగింది. ఆగి దగ్గింది. లోపల ఆవిడ కంచం పెట్టి అన్నం వడ్డించింది.

నిజం చెప్తున్నా. ఆ రోజు గాలి చెడలేదు. నాకు ఏడుపొచ్చింది. గునపం వదిలేసి మట్టిలో కూర్చుని ఏడ్చా. గొంతు పూడుకుపోయి ఊఁ రాలేదు. పుల్లమ్మ కథ జోరులో ఉండి రెండు మూడు ఊఁలు పోవడం చూసుకోలేదు. చూసుకున్నాక పెట్టిన కేక ఇప్పటికీ చెవిలో ఉంది. లాగేశారు. మొహం తడిగా ఉంటే చెమటనుకున్నారు. నేను కళ్ళు తెరవలేదు. అంతమంది మగాళ్ళ మధ్య, ఉత్తుత్తి కథకి ఏడ్చానని ఎలా చెప్పను?

"గాలి చెడిందా?" అని ఎవరో అడిగారు.

"ఊఁ," అన్నా.

అంతే. నేను ఆడిన అబద్ధం ఆ ఒక్క అక్షరం. రైతు ఆ నుయ్యి పూడ్పించేశాడు. పుల్లమ్మ ఆ రోజు నుంచి కథ చెప్పలేదు. కథ మీద మోజులో పడి మొగుణ్ణి చంపుకోబోయానని దాని మనసులో పడిపోయింది. మా అమ్మాయి కూతురు, కథ చెప్పు అమ్మమ్మా అని ఒళ్ళో పడితే, కళ్ళు మూసుకుని పడుకోవే అని జోకొట్టేది. నేను క్వారీలో రాళ్ళు కొట్టే పనికి పోయా. ఈలోపు బోర్లు వచ్చాయి, నూతులతో ఎవరికీ పని లేకపోయింది.

చెప్పేద్దామని చాలాసార్లు అనుకున్నా. నోరు తెరిచేసరికి, "ఏంటి?" అనేది. "మంచినీళ్ళు," అనేవాణ్ణి. తొమ్మిదేళ్ళలో నేను తాగిన నీళ్ళకి లెక్కలేదు.

*

రెండ్రోజులాగి సరే అన్నా. ఆ పూట పుల్లమ్మ కూరలో ఉప్పు వెయ్యలేదు.

నందిగామలో భవానీప్రసాద్ గారి గదికి ఆదివారం ఆదివారం వెళ్ళేవాణ్ణి. ఆయన నేల మీద పెద్ద కాగితం పరిచి ప్లాను రాసేవాడు. హెల్మెట్లు సిమెంటు ఫ్యాక్టరీ వాళ్ళనడిగి తెచ్చాడు. టార్చిలైట్లు, అయోడిన్ సీసా, విజిల్. విదేశాల వాళ్ళు నైలాన్ తాడు వాడతారట. నాకు తాడు చూపించాడు. ముక్కు దగ్గర పెట్టుకుని చూశా, సాగదీశా.

"బాగుందాండి?"

"ఇది సాగుద్ది. పైన నిలబడ్డవాడికి కిందవాడి బరువు తెలీదు. కొబ్బరి మోకు కొనండి. నడుంకి మాత్రం ఈ నైలాన్ కట్టుకుందాం."

"ఇంకా?"

"లాంతరు. వేపమండలు ఒక మోపు."

"వేపమండలెందుకండి?"

"తాడుకి కట్టి పైకీ కిందకీ ఆడిస్తే లోపల గాలి కదులుద్ది. తర్వాత లాంతరు దింపాలి. ఆరకపోతే మనిషి దిగొచ్చు."

ఆయన అన్నీ రాసుకున్నాడు. ఆ రంగుల పుస్తకంలో లేని ముక్క దొరికితే పెన్ను ఆగేది కాదు. ఆఖరికి, "కింద మీరెలా ఉన్నారో పైన మాకెలా తెలుస్తుంది?" అని అడిగాడు. కథ, ఊఁ సంగతి చెప్పా.

"అయితే పుల్లమ్మ గారు రావాలి."

"రాదు."

"మీరడిగారా?"

నేను కిటికీలోంచి హైదరాబాదు రోడ్డు మీద పోయే లారీలు చూశా.

"పోనీ కథ నేను చెప్తానండి," అన్నాడు.

"మీరు ఏం కథ చెప్తారు?"

"సున్నపురాయి ఎలా పుట్టిందో చెప్తా."

"రెండో నిలువుకే నిద్రపోతా బాబూ," అన్నా. ఆయన చాలాసేపు నవ్వాడు. నేను హాస్యానికి అనలేదు.

*

ఉగాది ముందు వారం బిలం దగ్గర లోతు కొలవడానికి వెళ్ళాం. నేను, భవానీప్రసాద్ గారు, క్వారీ మేస్త్రీ శాంతయ్య, అతని మనుషులు ఆరుగురు. శాంతయ్య నాకు తమ్ముడి వరస. తాడుకి రాయి కట్టి వదిలాం. తొమ్మిది నిలువులకి ఆనింది. మధ్యాహ్నం పుల్లమ్మ అందరికీ చద్దన్నం గంపలో పెట్టుకుని కొండెక్కి వచ్చింది. నన్ను చూడ్డానికి కాదు, అన్నం ఇవ్వడానికి వచ్చానని ముందే చెప్పింది.

భవానీప్రసాద్ గారు ఊరుకోలేదు. "ఇశ్రాయేలు గారూ, ఒకసారి ఊఁ అనండి, లోపల గొంతు ఎలా పలుకుద్దో చూద్దాం," అన్నాడు.

బిలం నోట్లోకి ఒంగి, "ఊఁ," అన్నా.

ఊఁ, అంది బిలం. కాస్త ఆగి మళ్ళీ, ఊఁ. ఇంకా లోపల్నుంచి సన్నగా, ఊఁ.

"అబ్బో," అన్నాడు శాంతయ్య. "అన్నకి తోడు దొరికింది."

"దీనికి మాటలెక్కువే," అంది పుల్లమ్మ. "మా ఇంట్లో ఒక్కసారే వినపడుద్ది."

అందరూ నవ్వారు. పుల్లమ్మ నవ్వలేదు. గంప దించి అంచు దగ్గరకొచ్చింది. తొమ్మిదేళ్ళ తర్వాత మళ్ళీ గట్టు అంచున, అప్పట్లాగే ఎడమ కాలు ముందుకేసి నిలబడింది. మళ్ళీ అనమంది. అన్నా. మూడుసార్లు తిరిగొచ్చింది.

"బాబూ, ఇది కుదరదు," అంది భవానీప్రసాద్ గారితో. "ఈ మనిషి లోపల పడిపోయినా ఇది ఊఁ కొడుతూనే ఉంటుంది. ఏది మనిషిదో ఏది రాయిదో తెలీదు. ఇక్కడ పైవాళ్ళు కథ చెప్పకూడదు. దిగినవాడే మాట్లాడాలి. మాట వెంట మాట, కొత్త మాట రావాలి. అప్పుడే బతికున్నట్టు."

"మరి పైన వినేదెవరు?"

పుల్లమ్మ కొంగుతో చెయ్యి తుడుచుకుంది. కథ చెప్పనని ఒట్టేసుకుంది గానీ విననని వేసుకోలేదు. అది ఆలోచించుకోవడం నాకు కనపడుతూనే ఉంది.

"నేను వింటా. ఊఁ నేను కొడతా. మాట ఆగితే లాగిస్తా. సగం దిగాడని చూడను, అడుగు చేరాడని చూడను." నా వంక తిరిగింది. "మాట్లాడగలవా నువ్వు?"

భవానీప్రసాద్ గారు ప్లాను కాగితం తీసి, మొదట నా పేరు కింద రాసిన 'కథ: తర్వాత చూడాలి' కొట్టేసి, 'మాట: ఇశ్రాయేలు గారు. వినడం: పుల్లమ్మ గారు,' అని రాశాడు.

తొమ్మిది నిలువులు నిదానంగా దిగాలంటే ముప్పావుగంట. ముప్పావుగంట మాట్లాడాలి. దిగడానికి భయం లేదు. దీనికి చెమటలు పట్టాయి. క్వారీలో రాళ్ళు కొడుతూ లోలోపల మాటలు పేర్చుకునేవాణ్ణి. నాకు తెలిసిన కథలన్నీ పుల్లమ్మవే, అవి దానికే చెప్తే ఏం బాగుంటుంది? "వానల గురించి చెప్పు," అన్నాడు శాంతయ్య. చెప్పి చూశా. రెండు ముక్కల్లో వాన వెలిసింది.

*

ఉగాది వెళ్ళిన నాలుగో రోజు పొద్దున్నే దిగాం. బిలం మీద మూడు బాదు కర్రలు నిలబెట్టి గిలక కట్టాం. వేపమండలు ఆడించాం. లాంతరు దింపాం. అడుగున చిన్న చుక్కలా వెలుగుతూ ఉంది. నేను మోకుకి కట్టిన పీట మీద కూర్చుని, నైలాన్ తాడు నడుంకి బిగించుకున్నా. మోకు శాంతయ్య మనుషుల చేతుల్లో. మోకు మీద పుల్లమ్మ చెయ్యి.

"మొదలుపెట్టు," అంది.

"రెండు ఒకట్ల రెండు," అన్నా.



"ఊఁ," అంది పుల్లమ్మ.

"రెండు రెండ్ల నాలుగు. రెండు మూళ్ళ ఆరు."

శాంతయ్య పగలబడి నవ్వడం వినపడింది. "ఒరేయ్, తాడు వదిలేస్తార్రా, నవ్వమాకండి," అని వాళ్ళని తిడుతూ తనే నవ్వుతున్నాడు. నేను మిషను బళ్ళో మూడు తరగతులు చదివా. ఐదో ఎక్కం దాకా వచ్చు. తప్పులేకుండా వచ్చు. చదివింది ఇన్నాళ్ళకి అక్కరకొచ్చింది. బిలం కూడా నా వెనకే ఎక్కాలు అప్పజెప్తోంది. పుల్లమ్మ ప్రతి దానికీ ఊఁ కొట్టింది.

కానీ పైనవాళ్ళు అనుకున్నదానికంటే నిదానంగా వదులుతున్నారు. ఐదు పదుల యాభై అనేసరికి నాలుగో నిలువులో ఉన్నా. కింద లాంతరు ఇంకా చాలా దూరం. పైన నోరు చిన్న కిటికీ అంత అయింది. ఆ వెలుతురులో పుల్లమ్మ తల నల్లగా కనపడుతోంది.

"అయిపోయాయి," అన్నా.

"ఊఁ. ఇంకేదన్నా చెప్పు."

"రాయి చల్లగా ఉంది."

"ఊఁ."

"తడిగా ఉంది."

"ఊఁ. చెప్పు, చెప్పు. ఆగమాకు."

ఇంకేం లేవు. నాలోపల ఉన్నది ఒకటే మాట. తొమ్మిదేళ్ళుగా పుక్కిట పట్టుకున్నది. చీకట్లో మొహం కనపడదు కదా అనుకున్నా.

"పుల్లమ్మా, ఆ రోజు గాలి చెడలేదు."

చెడలేదు, లేదు, అంది బిలం. పైనుంచి ఊఁ రాలేదు. తాడు వదలడం ఆగింది. నేను ఆగకూడదు గదా. మాట్లాడా.

"నువ్వు ఉప్పతని కథ చెప్పావు. ఎద్దు వచ్చి దగ్గింది చూడు. ఆవిడ అన్నం వడ్డించింది. అక్కడ నాకు ఏడుపొచ్చింది. నోరు పెగల్లేదు. లాగాక సిగ్గేసింది. గాలి అన్నా. నీ తప్పేం లేదు. నువ్వు నన్ను చంపబోలేదు. ఏడిపించావు, అంతే."

ఊఁ లేదు. నా మాటే అడుగు దాకా పోయి ముక్కలై తిరిగొచ్చింది. తర్వాత అదీ ఆగిపోయింది. తాడు చివర పీట మీద, ఆ నిశ్శబ్దంలో కూర్చున్నా. గట్టు మీద నిలబడి నా ఊఁ కోసం చూసినప్పుడు దానికి ఎలా ఉండేదో అప్పుడు తెలిసింది.

"పుల్లమ్మా," అన్నా. "ఉన్నావా?"

"లాగండి," అంది పుల్లమ్మ.

*

పైకి రాగానే భవానీప్రసాద్ గారు నీళ్ళసీసా పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. "గాలి చెడిందాండి?"

"లేదండి," అన్నా. ఆ మాట అనడం ఎంత తేలికో!

పుల్లమ్మ నడుంకి కొంగు దోపుకుని ఎదురుగా నిలబడింది. "తొమ్మిదేళ్ళు," అంది. "తొమ్మిదేళ్ళు నీ పక్కన పడుకుని ఊపిరాడుతోందో లేదోనని ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాను. పసిదాన్ని ఒళ్ళోంచి తోసేశాను. నోటికి తాళమేసుకున్నాను. నువ్వు చూస్తూ కూర్చున్నావు. రాయివా నువ్వు? ఈ కొండ నయం, అంటే పలికింది!"

"వదినా, ముందు ఆ పీట మీంచి దిగనీ," అన్నాడు శాంతయ్య. "మళ్ళీ లోపలికి పడతాడు."

"పడనీ."

అని, అవతల తుమ్మచెట్టు కింద అటు తిరిగి కూర్చుంది. నేను నడుం తాడు విప్పుకుని వెళ్ళి కాస్త ఎడంగా కూర్చున్నా. లెక్చరరు గారు కాగితాలు సర్దుకుంటూ ఇటు చూడనట్టు చూస్తున్నాడు. కింద చేలల్లో ఎవరో మిరపకాయలు కోస్తున్నారు.

అటు తిరిగే, "ఎక్కడ ఏడ్చావు? ఎద్దు దగ్గినచోటా?" అని అడిగింది.

"కాదు. ఆవిడ కంచం పెట్టినచోట."

పుల్లమ్మ భుజాలు కదిలాయి. నవ్వుతోందో ఏడుస్తోందో వెనకనుంచి తెలీలేదు.

"తర్వాత ఏమైంది?" అన్నా.

"నాకేం తెలుసు? నువ్వు ఊఁ కొడితే తర్వాత మాట తట్టేది. నువ్వు ఆపావు, అది అక్కడే ఆగింది." కళ్ళు తుడుచుకుంది. "ఆ కథకి ఏడ్చాడంట. చెప్పి ఉంటే ఎంత సంబరపడేదాన్నో. ఒక్క మనిషీ నా కథకి ఏడవలేదు ఇంతవరకూ."

లేచింది. తిన్నగా గిలక దగ్గరికి పోయింది.

"బాబూ, ఆ లాంతరు వెలుగుతోందా ఇంకా?"

"వెలుగుతోందండి."

"అయితే నేను దిగుతా."

భవానీప్రసాద్ గారు నా వంక చూశాడు. "అమ్మా, మీరా? ప్లానులో..."

"ప్లాను కాగితం మీదేగా, కొట్టేసి రాసుకో. మీ తాడు తెగేంత బరువు లేను. ముప్పై ఏళ్ళు గట్టు మీద నిలబడ్డాను బాబూ. అడుగు ఎలా ఉంటుందో ఒక్క రోజు చూడలేదు. ఈ మనిషి పైకొచ్చి చెప్తాడా అంటే, చెప్పడం తెలుసా?" నా వైపు తిరిగింది. "నువ్వు పైన కూర్చుని భయపడు. నీకూ తెలియాలి."

దాని నడుంకి తాడు నేనే కట్టా. ముడి వేశా, లాగి చూశా, విప్పి మళ్ళీ వేశా. మూడోసారి విప్పబోతే చేతి మీద కొట్టింది. హెల్మెట్టు పెద్దదై కళ్ళ మీదకి జారుతుంటే తలగుడ్డ చుట్టి పెట్టా. పీట మీద కూర్చోబెట్టి మోకు మీద చెయ్యి వేశా.

వదిలారు. పుల్లమ్మ తల అంచు దాటి కిందకి పోయింది. మాటలు మాత్రం పైకి వస్తూనే ఉన్నాయి.

"ఇక్కడ రాయి మీద నాచు ఉందయ్యోయ్. ఇదిగో పావురం గూడు. ఒకటి కాదు, నాలుగు. గుడ్లు పెట్టుకున్నాయి, గట్టిగా అరవమాకండి. బాబూ, రాసుకుంటున్నావా? ఇక్కడ రాయి రంగు మారింది, గంధంలా ఉంది. ఇప్పుడు తెలుపు. అబ్బ! పైనుంచి రాళ్ళు వేలాడుతున్నాయి, మేక పొదుగుల్లాగా. ఒక్కో చన్ను చివర ఒక్కో నీటిబొట్టు. పడబోతోంది, పడబోతోంది... పడలేదు."

నేను ప్రతి మాటకీ ఊఁ అన్నా. పెద్దగా అన్నా. లెక్చరరు గారు మోకాలి మీద కాగితం పెట్టుకుని, ఒక్క మాట పోకుండా రాస్తున్నాడు. ఎనిమిదో నిలువు. తొమ్మిది. మోకు తేలికైంది. కాలు నేలకి ఆనిందన్నమాట.

మాట ఆగింది.

శాంతయ్య మనుషులు మోకు బిగించారు. నేను ఊఁ అన్నా. నా ఊఁ మూడుసార్లు తిరిగొచ్చింది. అందులో పుల్లమ్మ గొంతు లేదు. లాగించాలి. పద్ధతి అదే.

"పుల్లమ్మా!"

"అరవమాకన్నానా," అంది అడుగునుంచి, మెల్లగా. "పక్కకి దారి ఉంది. లోపల నీళ్ళు మెరుస్తున్నాయి. కదలట్లేదు. ఇంత పెద్ద గది. మనిషనేవాడు చూడని చోటు. నన్ను లాగమాక. కాసేపు చూడనీ."

శాంతయ్య మోకు పట్టుకుని నా వంక చూశాడు. భవానీప్రసాద్ గారు రాయడం ఆపి నా వంక చూశాడు.

"చూడనివ్వండి," అన్నా. అని, మోకు చేతికి రెండు చుట్లు చుట్టుకుని, గట్టు మీద కూర్చున్నా.